దారి తప్పని పిల్ల

సురబయ,
9 మార్చి 1984

అన్నయ్యా,

నీ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చి నాలుగు నెలలు దాటింది. మన వైపు నది పొంగి పడవలు ఆగిపోయాయని సంపిత్ రేవు నుంచి ఓడలో వచ్చి దిగినవాళ్ళు ఎవరో చెప్పారు. అందుకే అనుకుని ఊరుకున్నాను. లేకపోతే బాగా తిట్టేదాన్ని.

ఈ ఉత్తరంతో ఒక పొట్లం వస్తుంది. విప్పేముందు చేతులు కడుక్కో. చేపలు కోసిన చేతులతో ముట్టుకున్నావంటే చూడు. అందులో ఉన్నది నా పుస్తకం. నవ్వకు, నిజంగా నాదే. అట్ట మీద ‘లమియాంగ్’ అని అచ్చయింది. ఇరవై నాలుగు పేజీలు, ప్రతి పేజీకీ ఒక బొమ్మ. బడిలో పిల్లలకి నల్లబల్ల మీద గీసే బొమ్మలు చూసి విర్యో గారనే, పుస్తకాలు అచ్చేసే ఆయన “టీచరమ్మా, ఇవి సుద్దముక్కతో చెరిపేసే బొమ్మలు కావండీ” అన్నాడు. అక్కడ మొదలైంది.

పేరు ‘దారి తప్పిన కలావెట్’. మనకైతే కలావెట్ అంటే చెప్పక్కర్లేదు. ఇక్కడి పిల్లలకి మొదటి పేజీలోనే చెప్పాల్సి వచ్చింది: తోక లేని కోతి, కాళ్ళకంటే చేతులు పొడుగు, తెల్లారగానే మొగుడూ పెళ్ళాం కలిసి కొండంతా వినబడేలా పాడతాయి అని.

కథ నీకు తెలిసిందే. నాకు ఎనిమిదేళ్ళు, నీకు పదమూడు. నువ్వూ నాన్నా అడవిలో దారి తప్పిన పిల్ల కలావెట్‌ని ఇంటికి తెచ్చారు కదా. అరచేతిలో పట్టేంత ముఖం. నాన్న దాని కోసం పొద్దున్నే వంటింటి గుమ్మంలో కూర్చుని కచాపి వాయించేవాడు. ఆ రెండు తీగలూ అంత బాగా మోగడం నేను మళ్ళీ వినలేదు. ఏడో రోజు ఏటి అవతల దాని తల్లి పాట వినబడింది. నేను లేచేసరికి పిల్ల లేదు. “వాళ్ళమ్మ వచ్చి తీసుకెళ్ళిందే” అంది అమ్మ. ఆఖరి పేజీలో అదే వేశాను. కొమ్మ మీద తల్లి, తల్లి పొట్టకి అతుక్కుని పిల్ల, కింద గుమ్మంలో కచాపితో నాన్న.

వదినకి చదివి వినిపించు. నాన్న ఉండి ఉంటే ఏమనేవాడో రాయి.

నీ చెల్లెలు,
లమియాంగ్


2 ఏప్రిల్

లమియాంగ్,

పుస్తకం చేరింది. పడవవాడు బియ్యం బస్తా కింద పెట్టి తెచ్చాడు, ఒక మూల తడిసింది. మీ వదిన రుసాయ్ దాన్ని పొయ్యి పైన దండెం మీద ఆరేసింది. నేను చేతులు కడుక్కునే పట్టుకున్నాను.

బొమ్మలు బాగున్నాయి. నాన్న ముక్కు అంత సూటిగా ఉండేది కాదు. వీధిలో పిల్లలు మూడు రోజులు మా మెట్ల మీదే కూర్చున్నారు. పుస్తకంలో మన ఏరు చూసి “ఇదిగో మన రేవు, ఇదిగో మన రేవు” అని ఒకటే గోల. మీ వదినకి చదివి వినిపించాను. “మరి ఆయన చేతిలో ములుకులు ఊదే ఊదుగొట్టం ఏదీ? ఒట్టి చేతుల్తో అడివిలోకి ఎవడు పోతాడు?” అంది. దానికి ఏం తెలుసు, వదిలెయ్.

నాన్న అంతసేపు కచాపి వాయించిన మాట నిజమే. మిగతాది నువ్వు రాసినట్టు జరిగి ఉంటే బాగుండేది.

ఈసారి దూరియన్ పళ్ళు విరగకాశాయి. రాత్రంతా పడుతూనే ఉన్నాయి, కుక్కకి ఒకటి తగిలి కుంటుతోంది. వరి కోత అయిపోయింది. నా మోకాలు అలాగే ఉంది.

నువ్వు ఇంటికి వచ్చి తొమ్మిదేళ్ళు. నీకు ఇక్కడ్నుంచి ఏమైనా కావాలంటే అడుగు. నువ్వు ఎప్పుడూ ఏదీ అడగవు.

దెహెన్


సురబయ,
25 ఏప్రిల్

అన్నయ్యా,

“జరిగి ఉంటే బాగుండేది” అట! పుస్తకంలో కొంచెం రంగులు పూయకపోతే ఎలా? నాన్న ముక్కు సూటిగా వేసినందుకు ఇంత దెప్పాలా? సరేలే, నీ మెప్పు ఇలాగే ఉంటుందని నాకు తెలుసు. వదినకి చెప్పు, పిల్లల పుస్తకంలో ఆయుధాలు వెయ్యనివ్వరు.

ఏదైనా అడుగు అన్నావుగా. అడుగుతున్నాను.

జూన్ పదో తేదీన విర్యో గారు పెద్ద హాల్లో పిల్లల పండుగ పెడుతున్నారు. నా పుస్తకం కోసమే. ఊళ్ళో బళ్ళన్నీ వస్తాయి, పత్రికలవాళ్ళు వస్తారు. ఆయనకో ఆలోచన వచ్చింది: వేదిక మీద ఒకరు కచాపి వాయించాలి, నేను కథ చదవాలి, నా ఒళ్ళో నిజం పిల్ల కలావెట్ ఉండాలి. “టీచరమ్మా, అది దొరుకుతుందంటారా?” అని అడిగారు. “మా అన్నయ్యకి అడివంటే పెరడు లాంటిదండీ” అని చెప్పేశాను.

మన వైపు ఎవరో ఒకరి ఇంట్లో ఎప్పుడూ ఒకటి పెరుగుతూనే ఉంటుందిగా. అడిగి పది రోజులకి తీసుకో. జాగ్రత్తగా తిరిగి పంపించేస్తానని చెప్పు. పెద్దది వద్దు, కరుస్తుందట. పొట్టకి అతుక్కునే వయసుదైతే ఫొటోలో బాగుంటుందని విర్యో గారు మరీ మరీ చెప్పారు.

కాదనకు. తొమ్మిదేళ్ళలో ఇక్కడ నన్ను అందరూ ‘అడవిపిల్ల’ అంటూనే ఉన్నారు. ఆ ఒక్కరోజు అదే మాట చప్పట్లు కొట్టి అంటారు.

లమియాంగ్


20 మే

లమియాంగ్,

దొరికింది. సంపిత్ దాకా లాంచీ నడిపే జామన్‌తో పంపుతున్నాను, అక్కడ్నుంచి వాళ్ళ తోడల్లుడు ఓడలో తెస్తాడు. బుట్ట మూత తీస్తూ ఉండమన్నాను, గాలి ఆడాలి.

మొదటి రెండూ పనికిరాలేదు. ఇది మూడోది. అందుకే ఆలస్యమైంది.

అరటిపండు మెత్తగా నలిపి పెట్టు. పాలు గోరువెచ్చగా, దూది ముంచి. ఒంటరిగా పడుకోబెట్టకు. దానికి పట్టుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి, లేకపోతే తన చెవులు తనే పట్టుకుని పీక్కుంటుంది. పొద్దున్నే ఏడుస్తుంది. ఆ వేళకి నువ్వు దగ్గరుండు.

కచాపి పంపడం లేదు.

దెహెన్


సురబయ,
12 జూన్

అన్నయ్యా,

ఎలా రాయాలో తెలియడం లేదు, అంత గొప్పగా జరిగింది! ఆరు వందల మంది పిల్లలు. బయట ఎండలో ఇంకో వరస. ప్రతి పిల్లా దాన్ని ఒక్కసారి ముట్టుకోవాలి అన్నారు, సరే అన్నాం. పాపం, అది కళ్ళు మూసుకుని నా జాకెట్టు పట్టుకునే ఉంది. గోళ్ళు దిగి నా మెడంతా గీతలు.

కచాపి కాలేజీ కుర్రాడొకడు వాయించాడు. నాన్నలా కాదుగానీ ఫరవాలేదు. అతను తీగ మీటాడో లేదో అది నోరు ఇంత తెరిచి ఒకటే అరుపు! హాలంతా చప్పట్లు. “పాడుతోంది, పాడుతోంది” అని పిల్లలు కుర్చీలెక్కేశారు. మర్నాడు పేపర్లో కూడా అదే వేశారు, ‘సంగీతం విని గొంతు కలిపిన చిన్నారి’ అని. ముక్క కత్తిరించి పంపుతున్నాను, దాచిపెట్టు.

ఒక చిన్న గొడవ. విర్యో గారి మనవరాలు లారస్, ఆరేళ్ళది, దాన్ని నా ఒళ్ళోంచి లాక్కోబోయింది. అది వేలు కరిచింది. పెద్ద గాయం కాదు. కానీ ఆ పిల్ల దాన్ని వదలనంటుంది, నాకే కావాలంటుంది. తాతగారు కాదనలేకపోయారు. మళ్ళీ కరవకుండా తెలిసిన పళ్ళ డాక్టరు చేత దాని ముందరి పళ్ళు తీయించారు. మత్తు ఇచ్చారులే. ఇప్పుడు వాళ్ళింట్లోనే ఉంది, మెడకి ఎర్ర రిబ్బను కట్టారు.

పది రోజులని చెప్పి పట్టుకొచ్చాం కదా, ఇచ్చినవాళ్ళు ఏమంటారు? వాళ్ళకి కోపం వస్తే నువ్వే ఏదో సర్దిచెప్పు. అసలు నువ్వేమిటి, రెండు వద్దనుకుని మూడోది ఏరావా? పెళ్ళిచూపులా అది! ఏదైనా సరిపోయేది కదా అన్నయ్యా.

ఇంకో మాట. పండుగ అయ్యాక ఆరుగురు తల్లిదండ్రులు నన్ను అడిగారు, తమ పిల్లలకి కూడా ఇలాంటిది ఒకటి దొరుకుతుందా అని. పెద్దవాళ్ళు, విర్యో గారి స్నేహితులు. నీకు వీలవుతుందా?

నీ చెల్లెలు


9 జూలై

లమియాంగ్,

పేపరు ముక్క చేరింది. పొయ్యిలో పెట్టాను.

ఇచ్చినవాళ్ళకి ఏం చెప్పాలని అడిగావు. ఇచ్చినవాళ్ళు ఎవరూ లేరు. మన ఊళ్ళో పది గడపలు ఎక్కి అడిగాను, పై ఊరు వెళ్ళి అడిగాను. ఎవరి దగ్గరా లేదు. లేదని నీకు రాయడానికి కాగితం తీశాను. అడివి నాకు పెరడని నువ్వు విర్యో గారితో అన్న మాట గుర్తొచ్చింది. మన వాళ్ళ ముందు కాదు, అక్కడ, వాళ్ళ ముందు నీ మాట పోతుందనిపించింది. ఇన్నేళ్ళలో నువ్వు నన్ను అడిగింది అదొక్కటే. కాగితం మడిచి పెట్టేసి ఊదుగొట్టం తీశాను.

పాడకపోతే వాటిని చూడటం ఎవరి వల్లా కాదు. అవి పాడతాయి. పాట వచ్చిన వైపు నడిస్తే చాలు. పిల్లని పట్టాలంటే తల్లిని పడెయ్యాలి, వేరే దారి లేదు. పిల్ల దాని పొట్టనే ఉంటుంది.

మొదటిది చెట్టు మీంచి బోర్లా పడింది. పిల్ల కింద ఉంది.

రెండోది పడలేదు. పంగలో చిక్కుకుపోయింది. చెట్టు నలుగురు కౌగిలించుకున్నా అందనంత లావు. పిల్ల పైనే ఉంది. రెండు రోజులు అరిచింది. నేను కింద కూర్చున్నాను, దిగుతుందేమోనని. దిగలేదు.

మూడోది మన వెనక గుట్ట మీద. తెల్లవారుతోంది, జంట పాడుతున్నాయి. విషం పూసిన నా ములుకు ఆడదాని తొడలో దిగింది. అది పాట ఆపి, ఏదో ముల్లు అనుకుని పీకి కిందికి విసిరింది. నా కాళ్ళ దగ్గర పడింది. మళ్ళీ పాట అందుకుంది. సగంలో గొంతు జారింది. మగది పాడుతూనే ఉంది, ఆడది ఇంకా అందుకోలేదేమని ఆగి, మళ్ళీ పాడింది. అప్పుడు పడింది అది. పొదలో పడింది కాబట్టి పిల్ల బతికింది. తల్లి నుంచి వదిలించడానికి పిల్ల వేళ్ళు ఒక్కొక్కటీ విప్పాను. ఒకటి విప్పితే ఇంకోటి పట్టుకునేది.

‘మూడోది’ అంటే అది. పెళ్ళిచూపులు కాదు.

ఇంకొకటి కూడా చెప్తాను. నువ్వు ఎనిమిదేళ్ళప్పుడు చూసిన పిల్ల కూడా దారి తప్పలేదు. నాన్న కొట్టాడు, నేను మోసుకొచ్చాను. సంపిత్‌లో ఎవరో ఓడ కెప్టెను అడిగాడని. అది వంటింట్లో ఒకటే ఏడుపు. నువ్వు జ్వరంతో ఉన్నావు, విని లేస్తావని నాన్న గుమ్మంలో కూర్చుని కచాపి వాయించేవాడు. దాని కోసం కాదు. అది నీకు వినబడకూడదని. ఏడో రోజు చచ్చిపోయింది. నేనే ఏట్లో వదిలాను. నువ్వు విన్న పాట దాని తల్లిది కాదు, మిగిలిపోయిన మగదానిది. అమ్మ నీకు నచ్చేట్టు చెప్పింది. మేమంతా ఒప్పుకున్నాం, నువ్వు ఏడుస్తావని.

ఆరు కావాలన్నావు. ఒకటికి మూడు తల్లులు, రెండు పిల్లలు పోయాయి. ఆరింటికి ఎన్నో, బడిలో లెక్కలు చెప్పేదానివి, నువ్వే వెయ్యి.

పళ్ళు పీకించారా దానికి?

దెహెన్


సురబయ,
1 ఆగస్టు

అన్నయ్యా,

నీ ఉత్తరం బడిలో అందింది. తరగతి గదిలో చదివాను. పిల్లలు “టీచర్, ఏమైంది?” అంటే కంట్లో సుద్ద పడిందన్నాను.

నేను అడిగి తీసుకోమన్నాను. చంపమనలేదు. నా ఉత్తరం నీ దగ్గరే ఉంటుంది, తీసి చదువుకో. “లేదు” అని ఒక్క ముక్క రాస్తే నేను చచ్చిపోయేదాన్నా? నా మాట పోతుందనట! నీ పౌరుషం కోసం చేసి నా నెత్తిన పెట్టకు.

పైగా పద్దెనిమిదేళ్ళు నోరు మూసుకుని, ఏప్రిల్‌లో పుస్తకం చేతిలో పెట్టుకుని కూడా నోరు మూసుకుని, ఇప్పుడు, ఆ పిల్లకి పళ్ళు కూడా పోయాక చెప్తావా? “జరిగి ఉంటే బాగుండేది” అంటే నాకు అర్థమవ్వాలా? నాన్నని ఒక్కణ్ణే నేను ప్రేమగా దాచుకున్నాను. అది కూడా లాక్కున్నావు. తృప్తిగా ఉందా?

నాలుగు రోజులు ఇలాంటివే రాసి చింపాను. ఈ ఒక్కటీ చింపలేదు. ఇప్పుడు జరిగింది చెప్తాను.

విర్యో గారి దగ్గరికి వెళ్ళాను. రెండో ముద్రణకి ఆఖరి పేజీ మార్చాలన్నాను. తల్లి రాలేదని, పిల్ల గుమ్మంలోనే ఉండిపోయిందని వేస్తానన్నాను. అంతకుమించి చెప్పే ధైర్యం లేకపోయింది. ఆయన కోప్పడలేదు. టీ తెప్పించారు. “టీచరమ్మా, పడుకునేముందు చదివే పుస్తకం ఇది. పిల్లలు ఏడిస్తే తల్లులు కొనరు. నిజం కావాలంటే పేపరు ఉంది కదా” అన్నారు. కాగితం ముందుకు జరిపారు. సంతకం చేశాను. ఎనిమిది వేల ప్రతులు, అదే ఆఖరి పేజీతో. నువ్వు ఏమనుకుంటావో నాకు తెలుసు. రాయనక్కర్లేదు.

వస్తూ వస్తూ పిల్లని చూస్తానన్నాను. పనమ్మాయి వెనక్కి తీసుకెళ్ళింది. బట్టలుతికే బండ దగ్గర నడుముకి తాడు కట్టి ఉంది. ఎర్ర రిబ్బను నల్లబడిపోయింది. లారస్‌కి ఇప్పుడు కుందేలు తెచ్చారట. “ఇది ఊరికే నక్కి కూర్చుంటుంది, ఆడదు టీచర్” అంది ఆ పిల్ల. పక్కనే నా పుస్తకం, వానకి ఉబ్బిపోయి. తీసుకెళ్ళిపొండి అన్నారు ఇంట్లోవాళ్ళు, ఒక్క మాట అడగలేదు.

రెండు రోజులు నా గదిలో ఉంచాను. అది నా దగ్గరికి రాలేదు. మంచం కింద గోడ వైపు తిరిగి కూర్చుంది. నేను చెయ్యి పెడితే తల దాచుకుంది.

ఈ ఉత్తరంతోనే వస్తోంది. ఆ గుట్ట మీద మగది ఇంకా ఉంటుంది కదా? పాడుతోందా? తీసుకెళ్ళి వదిలెయ్. దాని గొంతు వింటే ఇది గుర్తుపడుతుంది. ఏ పిల్లైనా గుర్తుపడుతుంది. ఆ ఒక్కటైనా జరగనీ.

ఏం జరిగిందో ఉన్నదున్నట్టు రాయి. ఈసారి నాకు నచ్చేట్టు చెప్పకు.

లమియాంగ్


3 సెప్టెంబర్

లమియాంగ్,

ఉన్నదున్నట్టు రాయమన్నావు.

లాంచీ మధ్యాహ్నం వచ్చింది. రేవులో బుట్ట తెరిచాను. సగానికి సగం తగ్గిపోయింది. నడుము చుట్టూ తాడు ఒరిసిన చోట వెంట్రుకలు లేవు. ఒక క్షణం నన్ను చూసింది, చూసి రెండు చేతులూ చాచింది. జామన్ నవ్వి “గుర్తుపట్టిందిరా నిన్ను!” అన్నాడు.

మగది ఉంది. మే నుంచి రోజూ ఒక్కటే పాడుతోంది. ఇదివరకు పెళ్ళాం పాడే చోట ఆగుతుంది, కాసేపు చూసి, మళ్ళీ మొదట్నుంచి ఎత్తుకుంటుంది. మీ వదిన ఆ వేళకి గిన్నెలు చప్పుడు చేసుకుంటూ తోముతుంది.

దీనికి నాలుగు రోజులు గంజి పట్టించాను, కొంచెం కోలుకున్నాక గుట్టకి తీసుకెళ్ళాను. మంచు ఇంకా విడలేదు. ఆ చెట్టు కిందే కూర్చున్నాను. మగది పాట మొదలుపెట్టింది, దగ్గర్లోనే. నేను దీని ముఖం చూస్తున్నాను. నువ్వు అన్నట్టే అవుతుందని నేను కూడా అనుకున్నాను, దాచడం ఎందుకు.

పాట వినగానే ఇది వణికిపోయింది. పళ్ళు లేని నోరు తెరిచి కీచుమంది. హాల్లో ఎలా అరిచిందో అప్పుడు నాకు తెలిసింది. నా చొక్కా లోపలికి తల దూర్చి, ఇంకా దూర్చి, చెవులు నా రొమ్ముకి ఒత్తుకుంది.

ఆ అరుపుకి మగది పాట ఆపింది. కొమ్మలు కదిలాయి. రెండు చెట్ల అవతలికి వచ్చి నిలబడింది. తెల్లటి కనుబొమలు, ముసలిది అయిపోయింది. నన్ను చూసింది. నా చొక్కాలోంచి బయటికి ఉన్న దీని వీపు చూసింది. ఇది తల ఎత్తలేదు. కాసేపటికి అది వెళ్ళిపోయింది. ఆ రోజు మళ్ళీ పాడలేదు.

అలా ఐదు ఉదయాలు వెళ్ళాను. రెండో రోజు నుంచి మగది రాలేదు, ఎక్కడో దూరాన పాడింది. ఆఖరి రోజు నేనే గుండె రాయి చేసుకున్నాను. దీన్ని ఒళ్ళోంచి పీకి కొమ్మ మీద పెట్టి, వెనక్కి చూడకుండా గుట్ట దిగాను. అడుగుల చప్పుడు వినిపించింది. అవి నేల మీద నడవవు, నీకు తెలుసుగా. ఇది నడుస్తోంది. రెండు చేతులూ నెత్తి మీద పైకెత్తి, తూలుకుంటూ, పడుతూ, లేస్తూ, ఏడుస్తూ నా వెనకే వస్తోంది. నేను పరుగెత్తాను. నా మోకాలు సంగతి తెలుసుగా, వాగు దగ్గర పడ్డాను. నేను లేచేలోపు వచ్చి మెడ పట్టేసుకుంది.

“అడివికి వదిలేదాన్ని ఇంట్లో ఎందుకు ముద్దు చేశావు” అని మీ వదిన కేకలేసింది. తర్వాత తనే అరటిపండు మెత్తగా చేసి తెచ్చింది. తన చేతి నుంచి ఇది తినదు. నేను నమిలి పెడితేనే తింటుంది.

నేను స్నానం చేసినా రేవులో మెట్టు మీద కూర్చుని నీళ్ళలోకి చూస్తూ ఏడుస్తుంది. వేటకి వెళ్ళడం మానేశాను. దీన్ని వేసుకుని ఎక్కడికి వెళ్తాను? ఊళ్ళోవాళ్ళు “దెహెన్‌కి ఇన్నేళ్ళకి చంటిబిడ్డ” అని ఎగతాళి చేస్తున్నారు. నవ్వనీ.

మొన్న మధ్యాహ్నం ఊదుగొట్టం విరగ్గొడదామని చూరులోంచి తీశాను. ఇది దాన్ని చూసింది. భయపడుతుందనుకున్నాను. పడలేదు. నా చేతి మీంచి గొట్టం చివరిదాకా పాకి, అక్కడ వేలాడి ఊగింది. ఇక్కడికి వచ్చాక అది ఆడుకోవడం అదే మొదటిసారి. విరగ్గొట్టలేకపోయాను. అలాగే పట్టుకుని నిలబడ్డాను, దాని సరదా తీరేదాకా.

అక్షరాలు వంకరగా ఉన్నాయని ఏమీ అనుకోకు. ఇది నా కుడిచేతికి వేలాడుతూ ఉంది.

దెహెన్